పల్లంలో మెరక

మా ఊరి శివార్లలో కాలువ గట్టు దిగగానే ఆరెకరాల పల్లపు చేను ఉండేది. సంక్రాంతి వెళ్లిన వారం నుంచి రాత్రిళ్లు టిప్పర్లు వచ్చి అందులో మట్టి పోశాయి. ఇప్పుడది రోడ్డు కంటే మోకాలెత్తు మెరక. పక్క చేలకు నీరు తీసుకుపోయే బోదె ఆ మట్టి కింద పూడిపోయింది. అవతల నాలుగెకరాలు కౌలుకు చేస్తున్న రైతు రెండో పంటైన దాళ్వా పైరు ఎండిపోకుండా ఇంజను పెట్టి కాలువ నుంచి నీళ్లు తోడుకుంటున్నారు. రోజుకు ఎంత డీజిలు అవుతోందో నాకు లెక్క చెప్పారు. ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఆయనకు తెలియలేదు.

మట్టి మీద ఒక బోర్డు నిలబెట్టారు. చాలా రాష్ట్రాల్లో శాఖలున్న ఒక సంస్థ అక్కడ భారీ దుకాణం కట్టబోతోంది. బియ్యం నుంచి బకెట్ల దాకా, పిల్లల చొక్కాల నుంచి ప్రెషర్ కుక్కర్ల దాకా అన్నీ ఒకే కప్పు కింద అమ్ముతారు. భీమవరంలో ఇప్పుడు ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఇదే మాట. నేను వద్దనేవాళ్లలో ఉన్నాను. అక్కడ వద్దు, ఈ పద్ధతిలో వద్దు అంటున్నాను. మా వైపు వాళ్లు చెబుతున్న కారణాల్లో సగం నాకే నచ్చడం లేదు కాబట్టి నా కారణాలేవో వివరంగా రాయాలనిపించింది.

మొదటే చెప్పుకోవలసినది ఒకటుంది. మాది కిరాణా కుటుంబం. తాతగారు పెట్టిన కొట్టును నాన్న నలభై ఏళ్లు నడిపారు, ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఇంటర్ చదివే రోజుల నుంచి పెళ్లయ్యేదాకా ఆ కొట్టు పద్దు పుస్తకం రాసింది నేనే. కనుక ఈ విషయంలో నేను తటస్థురాలిని కాను, మా ఇంటి అన్నం ఇందులో ఉంది. ఆ సంగతి దాచిపెట్టి ఊరి క్షేమం గురించి మాట్లాడితే నిజాయితీ అనిపించుకోదు.

పోయిన నెల వర్తకుల సమావేశానికి వెళ్లాను. కిక్కిరిసిన హాలులో ఆడవాళ్లం ముగ్గురమే. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది ఈస్టిండియా కంపెనీని తలచుకున్నారు. మన తీరానికి ఆ కథ బాగా తెలిసినదే. పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం దగ్గర ఇంగ్లీషువారు గిడ్డంగులు పెట్టి మన నేత బట్ట కొని ఓడలకెక్కించారు. కాని ఇప్పుడు వస్తున్నది మన దేశపు సంస్థ. దానిమీద పరాయి ముద్ర వేస్తే వినేవాళ్లెవరూ నమ్మరు. ఇంకొకాయన లేచి, ఊళ్లో బేరం ఊరివాళ్లకే దక్కాలన్నారు. దీనితోనూ నేను ఏకీభవించను. మన రొయ్య అమెరికా దాకా వెళ్లి అమ్ముడుపోవాలి, మన ఊళ్లోకి మాత్రం బయటివాళ్లు అమ్మడానికి రాకూడదంటే ఆ వాదన రెండు నిమిషాలు కూడా నిలవదు.

అక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. మావుళ్లమ్మ ఉత్సవాలు ఏటా సంక్రాంతికి మొదలై నెల రోజులకు పైగా సాగుతాయి. వాటిని జరిపించేది నీరుల్లి, కూరగాయ, పండ్ల వర్తక సంఘం. ఉల్లిపాయలు, వంకాయలు, అరటిపళ్లు అమ్ముకునేవాళ్లు కలిసి ఊరి దేవత పండుగను భుజాన వేసుకున్నారు. చిన్నప్పుడు అన్ని ఊళ్లలోనూ ఇంతే కాబోలనుకున్నాను. ఇతర జిల్లాల్లో ఉద్యోగం చేశాకే ఇది ఎంత అరుదైనదో తెలిసింది. ఈ ఊళ్లో వర్తకుడు సరుకు అమ్మి తలుపు వేసుకుని వెళ్లిపోయేవాడు కాడు. ఊరికి తాను ఏదో బాకీ ఉన్నాననుకునేవాడు. ఆ బాకీ గురించే నేను మాట్లాడదలచుకున్నాను. అయితే దానికంటే ముందు, మాకు వ్యతిరేకంగా నేను విన్న మాటల్లో అన్నిటికంటే బలమైనదాన్ని చెప్పాలి.

రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లే ఒకావిడ మా వీధి వెనక పేటలో ఉంటారు. మా అర్జీకి సంతకాలు సేకరిస్తూ ఆవిడ దగ్గరికి వెళ్లాను. కాగితం చదివి వినిపించమన్నారు. అంతా విని, "నేను చెయ్యనమ్మా" అన్నారు.

కారణం నెమ్మదిగానే చెప్పారు. వేరే ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి పెద్ద దుకాణం చూశారట. "బుట్ట చేతికిచ్చారు. కందిపప్పు చేత్తో పట్టుకుని చూసుకున్నాను. ధర రాసి ఉంది. ఎంతసేపు నిలబడినా ఏం కావాలని ఎవరూ గదమలేదు. బయటికొచ్చేటప్పుడు పైసలతో సహా బిల్లు ఇచ్చారు. మీ బజారులో ముప్పై ఏళ్లుగా కొంటున్నాను. ఏనాడైనా నన్ను మెట్టెక్కి లోపలికి రమ్మన్నారా? పెద్దిళ్లవాళ్ల బేరం అయ్యేదాకా వెనక నిలబడి, పొట్లంలో ఏది కట్టిస్తే అది తెచ్చుకున్నాను."

నాకు నోట మాట రాలేదు. ఆవిడ చెప్పింది మా కొట్టు గురించి కూడా. మా కొట్టుకు మూడు మెట్లున్నాయి. ఆ మెట్లు ఎవరెక్కేవారో, ఎవరు కింద నిలబడి సంచి చాచేవారో, బల్ల వెనక కూర్చుని పద్దు రాసే నాకు రోజూ కనిపించేది. ఎందుకిలా అని నాన్నను నేను అడగలేదు. బజారు గురించి ఎంత ప్రేమగా రాసినా ఈ సంగతి దాటవేసి రాయలేను. తూకంలో తరుగు, పాకెట్టు మీద ఉన్న ధర కంటే రూపాయి ఎక్కువ, బిల్లు అడిగితే ముఖం చిట్లించడం, ఇవన్నీ మన బజారులో ఉన్నవే. ధర రాసి ఉన్న అర ముందు నిలబడి, ఎవరి దయా అక్కర్లేకుండా కొనుక్కోవడంలో ఒక గౌరవం ఉంది. ఆ గౌరవం మేము ఇవ్వలేదు కనుకే ఇంతమంది ఆ దుకాణం కోసం ఎదురుచూస్తున్నారు.

అయినా వద్దంటున్నాను. ఎందుకంటే, ఆ దుకాణంలో దొరకని సరుకు ఒకటి ఉంది. అది పద్దు పుస్తకంలో ఒక పేజీ.

డెల్టాలో డబ్బు నెలనెలా రాదు. జూన్‌లో కాలువలకు నీరు వదిలితే తొలి పంట సార్వా మొదలవుతుంది. నారుమడి, దమ్ము, ఊడ్పు, ఎరువు, కలుపు, అన్నిటికీ డబ్బు పోతూనే ఉంటుంది. చేతికి రావడం మాత్రం నవంబరు, డిసెంబరుల్లో కోతలయ్యాక. ఆ వెంటనే దాళ్వా పెట్టుబడి, దాని ఫలితం ఏప్రిల్‌లో. తరువాత కాలువలు కట్టేస్తారు. పొలం పని ఉండదు, కూలీ ఉండదు. చెరువులవాళ్లదీ ఇదే తీరు. రొయ్య పట్టేదాకా మేత ఖర్చు, పట్టిన రోజు కౌంటుకు, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్యను బట్టి, ఎంత ధర పలికితే అంత. పొయ్యి మాత్రం ప్రతి ఇంట్లోనూ రోజూ వెలగాలి.

ఈ ఖాళీని నింపేది వీధి చివరి పచారీ కొట్టు. నేను పద్దులు రాసిన ఆఖరి ఏడాది మా పుస్తకంలో 116 ఖాతాలున్నాయి. ఇంటికో పేజీ. పేరు పక్కన నాన్న పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టేవారు. సార్వా, దాళ్వా, చెరువు, షెడ్డు శనివారం, కువైటు. ఆ గుర్తే వాయిదా తేదీ. కువైటు అంటే ఆ ఇంటి ఇల్లాలు అక్కడ ఇంటిపనికి వెళ్లింది, డబ్బు పంపినప్పుడు కడతారని అర్థం. నవంబరు తుపానుకు చేను పడిపోయి గింజ మొలకెత్తితే, ఆ పేజీ మీద సార్వా కొట్టేసి దాళ్వా అని రాసేవారు. దరఖాస్తు లేదు, హామీ సంతకం లేదు. చేను పడిపోయిందని ఎవరూ రుజువు చూపించనక్కర్లేదు, పడిపోయిన చేలు నాన్న సైకిలు మీద వస్తూ చూసేవారు.

ఒక పేజీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మూడెకరాల కౌలు రైతు. వరుసగా రెండు పంటలు దెబ్బతిన్నాయి. దాదాపు రెండేళ్లు ఆ ఖాతా తీరలేదు. ఆ తరువాత ఆయన జబ్బు చేసి పోయారు. కర్మకాండలయ్యాక కొన్ని నెలలకు ఆయన భార్య డబ్బు మూటగట్టుకుని వచ్చి, లెక్క చూడమన్నారు. నాన్న సగమే తీసుకుని పేజీ అడ్డంగా గీత గీసేసి, ఆ కాగితం చింపి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడకు చదువు రాదు. నా పక్కన కూర్చుని, మొదటి నుంచి చదవమ్మా అన్నారు. ఉప్పు, చింతపండు, కిరసనాయిలు, బట్టల సబ్బు, బెల్లం అరకిలో. బెల్లం అనగానే ఆపమనేవారు. అది చంటివాడి అన్నప్రాశన రోజుది, ఇది అట్లతద్దిది, ఇది మా ఆయన చేను ఊడ్చిన రోజు అందరికీ పాయసం వండానమ్మా, అందుకే తెచ్చాను. అలా రెండేళ్ల సంసారం వినిపించుకుని, కాగితం మడిచి కొంగున ముడివేసుకుని వెళ్లారు.

ఈ అప్పు ఊరికే వచ్చేదని చెప్పను. పద్దు మీద కొనేవారికి కిలోకు రూపాయో రెండో ఎక్కువ పడేది. ఇంకో కొట్టుకు వెళ్లే వీలు వాళ్లకు ఉండేది కాదు. మాటా పడవలసి వచ్చేది. అది వడ్డీయే, ఆ బంధంలో చేదు ఉంది. కాని దాని బదులు ఈ జిల్లాల్లో ఏం వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. వారం వారం వాయిదా కట్టించుకునే సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయని రాష్ట్రమంతా గగ్గోలు పుట్టి, 2010 అక్టోబరులో అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ అప్పుకు తెలిసింది వారం ఒక్కటే. చేను మునిగిందా, రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చిందా, ఇంట్లో పురుడు వచ్చిందా దానికి అక్కర్లేదు. ఇప్పుడు ఫోనులో దొరికే అప్పులు దానికంటే కఠినం.

ఎవరూ మిమ్మల్ని అప్పు తీసుకోకుండా ఆపడం లేదు కదా, వీధి కొట్టు వీధి కొట్టుగానే ఉంటుంది కదా అని పెద్ద దుకాణాన్ని సమర్థించేవారు అంటారు. ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. పద్దు బేరాన్ని మోసేది రొక్కం బేరం. నా రోజుల్లో వంద రూపాయల సరుకు అమ్మితే అరవై రొక్కం, నలభై పద్దు. కంపెనీల సరుకు కొట్లకు వేసే ఏజెన్సీవాళ్లు వారం గడువిస్తారు, బియ్యం మిల్లు ఇంకాస్త. ఆ గడువు లోపల కట్టేది రొక్కంతోనే. గుమాస్తా జీతం, కరెంటు బిల్లు, ముఠా కూలీలకిచ్చేది, అన్నీ ఆ అరవైలోంచే. రొక్కమిచ్చి కొనేదెవరు? ఉద్యోగస్తులు, లెక్చరర్లు, డాక్టర్లు, నెల జీతం వచ్చే నాలాంటివాళ్లు. కారో స్కూటరో ఉన్నవాళ్లు. పెద్ద దుకాణం తెరిచిన మొదటి నెలలో అటు వెళ్లేది వీళ్లే. అరవై నలభైకి పడుతుంది. పద్దు నలభై మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే వాళ్లకు అక్కడ పేజీ లేదు. అప్పుడు కొట్టువాడు మొదట చేసే పని కొట్టు మూయడం కాదు, పుస్తకం మూయడం.

2008లో ఇక్రియర్ అనే పరిశోధన సంస్థ కేంద్ర ప్రభుత్వం కోసం ఒక అధ్యయనం చేసింది. పెద్ద దుకాణాల పోటీ వల్ల మూతపడే చిన్న కొట్లు ఏడాదికి 1.7 శాతమేనని అందులో తేలింది. మొదట్లో అమ్మకాలు, లాభం తగ్గినా కాలం గడిచేకొద్దీ ఆ దెబ్బ బలహీనపడుతుందని కూడా రాశారు. మాతో వాదించేవారు ఈ అంకెను ముందుపెడతారు. అంకె తప్పని నేను అనను. కాని అది లెక్కపెట్టింది మూసిన తలుపులను. తలుపు తెరిచే ఉంచి, "ఈ నెల నుంచి అప్పు లేదమ్మా" అని చెప్పిన కొట్టు ఆ లెక్కలో బాగానే నడుస్తున్న కొట్టు. మన డెల్టాలో ఆ ఒక్క వాక్యం ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆర్పుతుందో ఏ పట్టికలోనూ రాదు.

2025 ఆగస్టు చూడండి. మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. చెరువు గట్టు మీద రొయ్య ధర పడిపోయింది, షెడ్లలో పని రోజులు తగ్గాయి. ఆ రెండు మూడు నెలలు మా తమ్ముడి పుస్తకంలో "షెడ్డు శనివారం" అన్న గుర్తున్న పేజీలన్నీ నిండిపోయాయి. వాడు చీటీ పాట పాడి డబ్బు తెచ్చి ఏజెన్సీలకు కట్టాడు. మా పేట ఒక్కదానిలోనే ఇలా చేసిన కొట్లు నాకు తెలిసి నాలుగు. రొక్కం బేరం పోయాక వాళ్లెవరూ ఆ బరువు మోయలేరు.

ధర మాటకొస్తే, పెద్ద దుకాణంలో చౌక అన్నది నిజం. కొన్ని సబ్బులు, నూనెలు అక్కడి అరలో అమ్మే ధర మా తమ్ముడికి ఏజెన్సీవాళ్లు వేసే ధర కంటే తక్కువ. కొట్లవాళ్లే వెళ్లి పెద్ద దుకాణంలో కొనుక్కొచ్చి అమ్ముకోవడం నేను పక్క ఊళ్లలో చూశాను. దీనికి కారణం తెలివితేటల్లో తేడా అనుకోకూడదు. తయారీ కంపెనీలు పెద్ద కొనుగోలుదారుకు ఒక ధర, చిన్నవాడికి ఒక ధర కడతాయి. 2021 చివరలో దేశంలోని డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య ఈ తేడా మీదే కంపెనీలకు సహాయ నిరాకరణ హెచ్చరిక చేసింది. అమెరికాలో 1936లోనే, ఒకే సరుకుకు పోటీదారుల మధ్య ఇలాంటి ధరల వివక్ష చూపకూడదని రాబిన్సన్–ప్యాట్‌మన్ చట్టం తెచ్చారు. పెద్ద వ్యాపారానికి పుట్టిల్లయిన దేశానికే ఆ అవసరం తోచింది.

ఉద్యోగాలు వస్తాయా అంటే, వస్తాయి. మా కాలేజీలో చదివిన పిల్లలు పది మందైనా అక్కడ చేరతారు. గుమాస్తాగా ఉంటే రాని పీఎఫ్ వస్తుంది. దానికి నేను సంతోషిస్తాను, అందులో నాకు వాదన లేదు.

ఇక ఆ మట్టి సంగతి. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ నేలకు నీరు వచ్చింది. వచ్చిన నీరు పోవడం దానికి రెండింతలు కష్టమని ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. మనది బల్లపరుపు నేల. నీరు నడవదు, పాకుతుంది. పైన ఎర్రకాలువ పొంగితే ఆ నీరు నందమూరు మీదుగా యనమదుర్రు డ్రెయిన్‌లో పడి మన ఊరి మధ్యగా దిగువకు పోవాలి. సముద్రం పోటు మీద ఉంటే డ్రెయిన్ లాగదు. అటువంటప్పుడు ఆ నీరు నాలుగు రోజులు ఆగేది పల్లపు చేలల్లోనే. ఆరెకరాల్లో మోకాలు లోతు నిలిచే నీటికి ఇప్పుడు అక్కడ చోటు లేదు. అది ఎక్కడికో పోయి నిలవాలి. మెరక వేసినవాడి పక్కింట్లో నిలుస్తుంది. ఆ పక్కిల్లు, నేను చూసినంతవరకు, ఎప్పుడూ పేదవాడిదే. ఇది ఆ సంస్థ ఒక్కదాని తప్పు కాదు. కల్యాణ మండపాలకు, లేఅవుట్లకు, కాలేజీలకు మనమే మన పల్లాలను పూడ్చుకుంటూ వచ్చాం. నేను పాఠం చెప్పే కాలేజీ కూడా ఒకప్పుడు వరి చేనే. కనుకనే ఇంకొకటి పూడ్చేముందు ఆగమంటున్నాను.

నన్ను అన్నిటికంటే బాధించింది ఎవరూ అడగకపోవడం. టిప్పరు వచ్చాక తెలిసింది ఊరికి. బోదె పూడ్చేముందు ఆ కౌలు రైతును అడగలేదు. కౌలు రైతు కనుక కాగితాల మీద ఆయన లేరు.

పెద్ద దుకాణం విషయంలో ఊరిని అడగడం కొత్త కోరిక ఏమీ కాదు. లాస్ ఏంజిలిస్ పక్కన ఇంగిల్‌వుడ్ అనే ఊరుంది. నల్లజాతివారు, లాటినోలు ఎక్కువగా ఉండే శ్రామికుల ఊరు. అక్కడ 60 ఎకరాల్లో భారీ దుకాణం కట్టాలనుకున్న వాల్‌మార్ట్, పర్యావరణ సమీక్ష, బహిరంగ విచారణ లేకుండానే కట్టుకునేలా ఒక ప్రతిపాదనను నేరుగా ఓటుకు పెట్టించింది. 2004 ఏప్రిల్‌లో ఓటర్లలో 60 శాతం మంది కాదన్నారు. చౌక ధరలు వాళ్లకూ కావాలి, ఉద్యోగాలూ కావాలి. తమను విచారించకుండా కడతామన్న మాటే వాళ్లు ఒప్పుకోలేదు. జపానులో 2000 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం 1,000 చదరపు మీటర్లు దాటిన దుకాణం ఏదైనా ముందుగా అక్కడి ప్రభుత్వానికి తెలియజేసి, చుట్టుపక్కల వాళ్లను పిలిచి సభ పెట్టి, బండ్లు ఎక్కడ ఆగుతాయో, చప్పుడు ఎంత ఉంటుందో, చెత్త ఎటు పోతుందో వివరించాలి. ఆ చట్టం దుకాణాన్ని ఆపదు, నోరు విప్పి చెప్పమంటుంది.

మన దేశంలో 2012 సెప్టెంబరులో బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలోకి 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు షరతులు పెట్టారు. పది లక్షల జనాభా దాటిన నగరాలు, 30 శాతం కొనుగోలు చిన్న పరిశ్రమల నుంచి, గిడ్డంగుల వంటి వాటిపై సగం పెట్టుబడి, చివరి మాట రాష్ట్రానిది. అప్పుడు వీటిమీద పార్లమెంటు దద్దరిల్లింది. 2011 లెక్కల్లో భీమవరం జనాభా లక్షన్నర లోపే, ఆ షరతుతో అప్పుడు మన ఊరి దరిదాపులకు ఎవరూ రాగలిగేవారు కాదు. కాని అవన్నీ విదేశీ పెట్టుబడికే. స్వదేశీ సంస్థ అదే పరిమాణంలో అదే దుకాణం పెడితే వాటిలో ఒక్కటీ వర్తించదు. కొట్టువాడి మీద, బోదె మీద పడే బరువు పెట్టుబడి ఏ దేశానిదన్న దాన్ని బట్టి మారుతుందా? తోపుడు బండివాళ్లకు 2014 వీధి విక్రయదారుల చట్టం ఒక కమిటీ ఇచ్చింది, అందులో 40 శాతానికి తక్కువ కాకుండా విక్రయదారుల ప్రతినిధులే ఉండాలి. బండి ఎక్కడ నిలపాలో తేల్చడానికి కమిటీ ఉన్నప్పుడు, ఆరెకరాల దుకాణం ఎక్కడ నిలవాలో తేల్చడానికి ఒక్క సభ ఎందుకు ఉండకూడదు?

మా అర్జీలో అడిగింది ఇదే. బోదె వెంటనే తవ్వించాలి. ఆ మెరక వల్ల నీరు ఎటు మళ్లుతుందో నీటిపారుదల ఇంజనీర్ల చేత కొలిపించి ఆ కాగితం ఊరి ముందు పెట్టాలి. రైతులు, కౌలుదారులు, వర్తకులు, షెడ్డు కార్మికులు కూర్చున్న సభలో సంస్థ ప్రతినిధులు వచ్చి మాట్లాడాలి. అప్పటిదాకా పునాది తీయకూడదు. సమాచార హక్కు చట్టం కింద అనుమతుల నకళ్లు కూడా అడిగాను, 30 రోజుల గడువు ఇంకా పూర్తి కాలేదు. ఇదివరకే మెరకగా ఉన్న చోట, ఎవరి నీటినీ ఆపకుండా, ఊరితో మాట్లాడి కడతామంటే అప్పుడు నా వాదన మారుతుంది. పద్దు గురించిన భయం మాత్రం పోదు. దానికి మందు మా చేతుల్లోనే కొంత ఉంది.

ఆ మాట వర్తకుల సభలో లేచి చెప్పాను. ధరలు బోర్డు మీద రాద్దాం, అడిగినా అడగకపోయినా బిల్లు ఇద్దాం, కాటా అందరికీ కనపడేలా పెడదాం, ఏజెన్సీల దగ్గర పది కొట్లు కలిసి ఒకే సరుకు కొందాం అన్నాను. కొందరు తలూపారు. మెట్ల సంగతి ఎత్తగానే హాలు నిశ్శబ్దమైపోయింది. ఒక పెద్దాయన, ఆ రోజులు పోయాయి కదమ్మా, ఇప్పుడెందుకు అన్నారు. పోలేదు బాబాయిగారూ, మొన్ననే ఒకావిడ నాకు చెప్పారు అన్నాను. ఆ తరువాత ఇంకెవరూ మాట్లాడలేదు.

తమ్ముడితో నాకు రెండు రోజులు వాదన జరిగింది. మూడో రోజు వాడే మేస్త్రీని పిలిచాడు. బల్ల వెనక్కి జరిపి, మెట్ల నుంచి లోపలి గోడ దాకా దారి వదిలి, పప్పులు, బియ్యం తెరిచిన డబ్బాల్లో ఆ దారికి రెండు వైపులా పెట్టాడు, ఎవరైనా చేత్తో తీసి చూసుకునేలా. ధరలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చింది నేను. బిల్లు మిషను వచ్చింది. పద్దు పుస్తకం మాత్రం పాతదే, దాన్ని మిషనులోకి ఎక్కించలేదు. అందులో నాన్న పెన్సిలు గుర్తులు ఇంకా కొన్ని పేజీల మీద ఉన్నాయి.

ఆదివారం షెడ్డుకు సెలవు. ఆ రోజు పేటలోకి వెళ్లి ఆవిడను కలుస్తాను. సంతకాల కాగితం తీసుకెళ్లను. ఒకసారి మా కొట్టుకు వచ్చి చూడమని పిలుస్తాను.